రెండో సర్వర్

నమంగాన్ పట్నంలోని పత్తిగింజల నూనె మిల్లు ఆఫీసులో, కంప్యూటర్లు చూసుకునే తుర్గున్ గది తలుపు ఎవరైనా తట్టారంటే నెట్ పోయిందని అర్థం. పొద్దున్నే తెరిచిన ప్రతి కంప్యూటరూ అతని గదిలో ఉన్న సర్వర్‌ని తనకో అడ్రస్ నంబరు అడిగి తెచ్చుకోవాలి. ఆ ముసలి సర్వర్ మొరాయించిన రోజు ఎవరికీ నంబరు దొరకదు, ఆఫీసంతా చేతులు ముడుచుకుని కూర్చుంటుంది.

అప్పుడు అకౌంట్ల పెద్ద హోషియత్ సణుక్కుంటూ స్వయంగా వచ్చేది. అది బాగయ్యేదాకా కదిలేది కాదు. తుర్గున్ ఆమెకు చాయ్ పోసేవాడు, పిడిలేని చిన్న పియాలాలో రెండు గుక్కలకు మించకుండా. ఆ ఊళ్లో మర్యాద తెలిసినవాడెవడైనా అతిథికి కొంచెమే పోస్తాడు. మళ్లీ మళ్లీ పోయించుకోవాలంటే మనిషి కూర్చోవాలి కదా. నిండా పోస్తే, తాగి ఇక దయచెయ్యమని అర్థం. ఆమె వాళ్లమ్మ మోకాళ్ల నొప్పుల గురించి, పెరట్లో పిందె రాలిపోతున్న ఆప్రికాట్ చెట్టు గురించి చెప్పేది. భార్య పోయాక తుర్గున్‌తో అంతసేపు మాట్లాడిన మనిషి ఇంకొకరు లేరు. బాగుచేయడం చిటికెలో పని. అతను తీరిగ్గా చేసేవాడు.

చివరికి డైరెక్టరు విసుగెత్తి రెండో సర్వర్ కొనిపించాడు. తుర్గున్ నంబర్లను రెండింటికీ చెరిసగం పంచి, ఒకటి పడిపోతే రెండోది మొత్తం చూసుకునేలా జత చేశాడు. ఎక్కడో చిన్న లోపం వదిలేస్తే అడిగేవాడు లేడు. కానీ పనిలో దొంగతనం అతనికి చేతకాదు. కూర్చున్న కొమ్మనైనా శుభ్రంగానే నరుక్కున్నాడు, వెర్రిబాగులవాడు.

సోమవారం ఎవరూ రాకముందే, పరీక్ష కోసమని పాత సర్వర్ తీగ పీకేశాడు. చాయ్ కాచి రెండు పియాలాలు కడిగి పెట్టుకున్నాడు. వరండాలో తలుపులు తెరుచుకున్నాయి, కుర్చీలు జరిగాయి, ప్రింటర్లు కూయడం మొదలుపెట్టాయి. ఎవరూ రాలేదు. రాకపోతేనే పని నెగ్గినట్టు. నెగ్గినందుకు ఏడుపొచ్చింది అతనికి.

చెయ్యి రెండో సర్వర్ తీగ మీదికి పోయింది. ఇదీ పీకితే చాలు, సణుక్కుంటూ వస్తుంది. కాసేపు అలాగే పట్టుకుని, వదిలేశాడు. పలకరించాలంటే తనకు మాత్రం కాళ్లు లేవా అని తనను తానే తిట్టుకుని, పాత సర్వర్‌కి తీగ తగిలించి, హోషియత్ గదికి బయలుదేరాడు.

ఆమె కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండానే కుర్చీ చూపించింది. కూర్చుని, నెట్ ఎలా ఉందని అడిగాడు.

"దివ్యంగా ఉంది, తుర్గున్ అన్నా. ఇక మీ మొహం చూసే బాధ తప్పింది నాకు."

ఎప్పుడూ ఆడే ఎకసెక్కమే. అతనూ నవ్వాడు. నవ్వుతూనే, వాళ్లమ్మగారి మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగాడు.

"అలాగే ఉన్నాయి," అంది అంకెలు కొడుతూ.

ఆ ధ్యాసలోనే కూజా అందుకుని అతని ముందున్న పియాలాలో చాయ్ పోసింది. పోస్తూ ఇటు చూడలేదు. చాయ్ అంచుదాకా వచ్చింది.

కావాలని చేయలేదని తుర్గున్‌కు తెలుసు. వేళ్లు కాలుతున్నా ఆ పియాలా ఎత్తి, ఒక్క చుక్క ఒలకకుండా మొత్తం తాగి, లేచాడు.