అటు పక్క నొక్కే చేతులు

ముందు గదిలో చెంచా జారి రిమ్ముకు ఠంగున కొట్టుకుంది. వెనక గదిలో చపాతీ పిండి కలుపుతున్న మదీనా బీ చేతులు ఆగాయి. ఆ వెంటనే రహమాన్ దగ్గాడు. రాని దగ్గు దగ్గితే ఎలా ఉంటుందో ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకు బాగానే తెలిసింది. టైరు రావడం లేదు, పక్కన ఎవరో చూస్తున్నారు, అంతే సంగతి. ఆమె చేతులు దులుపుకుని స్టవ్ మీద టీ పెట్టింది.

కూర్మన్నపాలెం కూడలికి కాస్త ఇవతల సందులో వాళ్ళది రెండు గదుల ఇల్లు. ముందుది సైకిలు షాపు, వెనకది సంసారం, మధ్యలో పువ్వుల కర్టెన్. పెళ్ళయిన కొత్తలో ఆమెను క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని, హ్యాండిల్‌కి గిన్నెల సంచి తగిలించుకుని వన్‌టౌన్ నుంచి ఇంత దూరం తొక్కుకుంటూ వచ్చాడు రహమాన్. అప్పట్లో స్టీల్‌ప్లాంట్ షిఫ్టు మారితే రోడ్డు నిండా సైకిళ్ళే. ఇప్పుడు వచ్చేవి పాతబడ్డ మనుషుల పాత సైకిళ్ళూ, ఉక్కునగరం క్వార్టర్లవాళ్ళు పొట్ట తగ్గించుకుందామని కొని మూలన పడేసిన గేరు సైకిళ్ళూ. ఆ గేరు సైకిళ్ళ టైర్లకు పొగరెక్కువ అంటాడు రహమాన్.

టైరు తియ్యడానికి అతను స్క్రూడ్రైవర్ ముట్టుకోడు, ట్యూబు చిరుగుతుందని. మదీనా బీ పుట్టింటివాళ్ళు పెట్టిన ఆరు స్టీలు చెంచాల్లో రెండింటిని కొత్తకాపురం నాడే ఎత్తుకుపోయి, కాడలు ఆకురాయితో నున్నగా అరగదీసి పెట్టుకున్నాడు. ఆమె అడుగుతూనే ఉంది, అతను రేపిచ్చేస్తానంటూనే ఉన్నాడు. ఆ చెంచాల వంతు కూడా తర్వాతే. అసలు పని బొటనవేళ్ళది. బల్లపరుపుగా, గోళ్ళు అరిగి, ఎంత తోమినా నలుపు వదలని ఆ బొటనవేళ్ళతో టైరు అంచును ఒరుసుకుంటూ పోతే ఎంత మొండిదైనా లొంగిపోయేది.

ఈ మధ్య లొంగడం లేదు. వేళ్ళల్లో పట్టు పోయింది. నిరుడు ఓ రోజు అన్నం తింటూ, కంచంలోకి చూస్తూ అన్నాడు. "టైరు నా మాట ఇనని రోజున షట్టరు దించేద్దాం మదీనా. ఫర్హా కాడికి ఎల్లిపోదాం."

కూతురు ఫర్హా అచ్యుతాపురంలో ఉంటుంది. అల్లుడు అక్కడ ఫ్యాక్టరీలో చేస్తాడు, మనసున్నవాడు, రమ్మని ఎప్పుడూ పిలుస్తూనే ఉంటాడు. కానీ రెండో అంతస్తు బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చున్న రహమాన్‌ని తలుచుకుంటే మదీనా బీకి గుండె కలుక్కుమంటుంది. షట్టరు దిగితే ఈ మనిషి మిగలడని ఆమె భయం. అందుకే ఆ రోజు నుంచి టీలు ఎక్కువయ్యాయి.

గ్లాసులు పట్టుకుని ఆమె కర్టెన్ తప్పించింది. షాపులో వీరన్న గొంతుక్కూర్చుని ఉన్నాడు. అప్పికొండ రేవులో చేపలు కొని, సైకిలు వెనక డబ్బాలో ఐసు వేసుకుని క్వార్టర్లకు తిప్పే మనిషి.

"మొన్నే కొత్త టైరేయించినాను వదినా. ఎవుడేసినాడో గానీ రిమ్ముని పట్టేసుకుంది. ఐసు కరిగిపోతంది, బావేటో నిదానంగా సేత్తన్నాడు."

"కొత్తది గదా, అలాగే ఉంటాది," అంటూ మదీనా బీ గ్లాసులు కింద పెట్టి చక్రానికి ఎదురుగా కూలబడింది. "వీరన్నా, మీ గంగాలమ్మకి మోకాళ్ళు ఎలాగున్నాయి?"

వీరన్న మోకాళ్ళ పురాణం ఎత్తుకున్నాడు. ఆమె ఊ కొడుతూ, ఊరికే చెయ్యి ఆనించినట్టు చక్రం పట్టుకుని, తన వైపు టైరు అంచును రెండు బొటనవేళ్ళతో రిమ్ము నడుమ పల్లంలోకి నొక్కింది. అక్కడ కిందికి దిగితే అవతల ఆ మేరకు వదులొస్తుంది. ఇటు బిగుసుకుంటే అటు నొక్కాలని పెళ్ళయిన కొత్తలో చెప్పింది రహమానే. చెప్పిన సంగతి అతనికి గుర్తుందో లేదో ఆమె ఎప్పుడూ అడగలేదు.

చెంచా కాడ లోపలికి దూరింది. రెండోది దాని పక్కన. టప్పుమని టైరు అంచు బయటపడింది.

"సేతిలో సత్తువ తగ్గలేదు బావా," అన్నాడు వీరన్న.

రహమాన్ మీసం తుడుచుకున్నాడు. మదీనా బీ నల్లబడ్డ వేళ్ళు కొంగులో దాచుకుని లోపలికి వెళ్ళిపోయింది. లోపలికి వెళ్ళాక నవ్వుకుంది.

పోతూ పోతూ వీరన్న నాలుగు కానాగంత చేపలు కాగితంలో చుట్టి ఇచ్చాడు. మదీనా బీ పెరట్లో కూర్చుని వాటి పని పట్టింది. మధ్యాహ్నం బేరాల్లేవు. షాపులో కొక్కెం నుంచి ఏదో దించుతున్న చప్పుడైంది.

"ఏటి సేత్తన్నారు?"

"మన సైకిల్ దించినాను. శుక్రవారం నిన్ను కూకోబెట్టుకుని వన్‌టౌన్ కొండ మీది దర్గాకి తీసుకెల్తాను."

"కొండ దాకానే? మీ నడుం ఉంటాదా?"

"కొండ కింద దాకా. పైకి నువ్వు నన్ను మోసుకెల్దువు గాని."

ఊళ్ళో అందరి సైకిళ్ళూ బాగుచేసినవాడు తనదాన్ని ఏళ్ళ తరబడి కొక్కేనికి వేలాడదీశాడు. టైరు ఎండి రిమ్ముకు అతుక్కుపోయి ఉంటుంది. చెంచా గీసుకుంటున్న చప్పుడు కాసేపు వినిపించి ఆగింది. ఈసారి దగ్గు రాలేదు.

"మదీనా, ఓసారొచ్చి అటు పక్క నొక్కు."

చేప చేతిలోంచి జారి గిన్నెలో పడింది. అయితే తెలుసన్నమాట. తెలిసే ఇన్నాళ్ళూ ఆ టీలన్నీ తాగాడు. ఆమెకు నవ్వూ, ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. పెళ్ళినాటి నుంచి ఆ మనిషి ఆమెను ఏ పనికీ సాయం పిలిచి ఎరగడు.

"సేపల సేతులు. కడుక్కుని వత్తన్నాను."

నిమ్మచెక్క రుద్ది, సబ్బు పెట్టి, కొత్త పెళ్ళికూతురిలా తీరిగ్గా కడుక్కుంది. కొంగు సర్దుకుంది.

రహమాన్ గోడకు ఆనుకుని ఉన్నాడు. చక్రం ఒళ్ళో ఉంది. ఒక చెంచా కాడ టైరు కిందికి దిగి నిలబడింది. కళ్ళు మూసుకున్నాడు. అలసి కునుకు తీస్తున్నాడనుకుని ఆమె ఎదురుగా కూర్చుంది, రెండు బొటనవేళ్ళూ ఆనించి గట్టిగా నొక్కింది.

"నొక్కినాను. లాగండి."

చెంచా కదల్లేదు. ఇంకాస్త బలంగా నొక్కింది.

"మిమ్మల్నే. లాగండి."

అప్పుడు ఆమె తలెత్తి అతని ముఖం చూసింది. చూశాక కూడా వేళ్ళు తియ్యలేదు. తన కేకలు విని పక్కింటి భ్రమరాంబ పరుగెత్తుకొచ్చేదాకా అలాగే నొక్కిపట్టుకుని ఉంది.

మట్టి చేశాక, చుట్టాలంతా వెళ్ళాక, ఫర్హా తనతో తీసుకెళ్ళడానికి తల్లి బట్టలు సర్దింది. ఇల్లు చూసుకుంటూ ముందు గదిలోకి వచ్చి చక్రం దగ్గర వంగింది.

"ఇది నీ చెంచా కదా అమ్మీ. నువ్వు అడుగుతూ ఉండేదానివి."

"దాన్ని ముట్టుకోకు," అంది మదీనా బీ. "తీత్తే మళ్ళీ బిగుసుకుపోద్ది."

షట్టరు ఆమే దించింది. లోపల గోడకు ఆనించిన చక్రం మీద, సగం లేచిన టైరు కింద ఆ స్టీలు చెంచా అలాగే నిలబడి ఉంది.