వెన్ను పదును

రోజూ పొద్దున్నే సానచక్రం దగ్గర కత్తికి పదును పెట్టుకునే పరుపుల మామ ఆ రోజు పదును తీసేస్తున్నాడు. ముందువైపు వాదర జోలికి పోలేదు. వెన్నును చక్రానికి ఆనించి, రవ్వలు చేతిమీద పడుతున్నా పట్టించుకోకుండా అరగదీశాడు. ఆ వెన్నుకు పదును పెట్టిందీ ఆయనే. భుజం పట్టేసి చెయ్యి తిరగడం మానేసిన ఏడాది ఆ ఉపాయం కనిపెట్టాడు. ముందు వాదరతో స్పాంజిని కోసుకుంటూ పోవడం, చెయ్యి తిప్పకుండా వెన్నుతో కోసుకుంటూ వెనక్కి రావడం. ఇన్నాళ్ళూ పరుపుల కార్ఖానాలో కోత బల్ల దగ్గర ఆయన్ని నిలబెట్టింది అదే.

ముందురోజు సాయంత్రం ఇంటికి వెళ్తుంటే కానిస్టేబులు సంచి విప్పించాడు.

"ఒకవైపు పదునుంటే పనిముట్టు, రెండువైపులా ఉంటే ఆయుధం. కేసవుతుంది. రూలు నేను పెట్టలేదు పెద్దాయనా," అన్నాడు. పనికి అవసరమని యజమాని రాసిస్తే సరే, లేకపోతే ఒక పదును తీసేయాలి. రేపు సాయంత్రం వచ్చి చూస్తానన్నాడు.

పొద్దున రాగానే మామ రాసిమ్మని అడిగితే, యజమాని టీ తాగుతూ అంతా విన్నాడు. "సంతకం పెడితే రేపు అది నా మెడకు చుట్టుకుంటుంది మామా. తీసేయ్, పోయేదేముంది?"

పోయేదేమిటో మామ చెప్పలేదు. చెబితే భుజం సంగతి చెప్పాలి. చెయ్యి తిరగనివాడికి బల్ల ఎవరిస్తారు? పని అవుతున్నంతకాలం పనివాడి భుజం వైపు చూసే అలవాటు ఆ యజమానికి లేదు.

షీటు చివరిదాకా పోయిన కత్తి ఇప్పుడు వెనక్కి రానంది. కోత కోతకీ మామ బల్ల చుట్టూ తిరిగి అవతలివైపుకు వెళ్ళాల్సి వచ్చింది. కవర్లు కుట్టే అక్క మిషను ఆపి చూసింది.

"ఏంటి మామా, ఇవాళ గానుగెద్దులా తిరుగుతున్నావ్?"

"కాళ్ళైనా మొద్దుబారకుండా ఉంటాయని."

మధ్యాహ్నం యజమాని వచ్చి కొయ్యని షీట్ల దొంతర చూశాడు. "సాయంత్రం లోడు వెళ్ళాలి. నీవల్ల కాకపోతే చెప్పు, రేపట్నుంచి కవర్లు మడుద్దువుగాని."

"అయిపోతుందిలే," అన్నాడు మామ.

యజమాని అటు వెళ్ళగానే మామ పళ్ళు బిగించి, కత్తి వాదర ఇటు వచ్చేలా చెయ్యి తిప్పాడు. ఒకసారి తిరిగింది. రెండోసారీ తిరిగింది. భుజంలో లేచిన నొప్పి ఛాతీలోకి దిగింది. పాత నొప్పేలే అనుకుని షీటు మీద తల వాల్చాడు. ఎవరెవరో పడుకునేందుకు బతుకంతా కోసిన స్పాంజి మీద ఆయన తల పెట్టడం అదే మొదలు. అలసిపోయాడని అక్క మిషను చప్పుడు కాసేపు ఆపింది. లేపబోయేసరికి ఒళ్ళు చల్లబడి ఉంది.

మామను ఇంటికి తీసుకెళ్ళాక కానిస్టేబులు వచ్చాడు. విషయం విని టోపీ తీశాడు. వచ్చిన పని గుర్తొచ్చి, కత్తి వెన్ను మీద బొటనవేలు ఆడించాడు. "సరిగ్గానే తీశాడు పాపం."

"నన్నొక్క మాట అడిగుంటే రాసిచ్చేవాణ్ణి కాదూ?" అన్నాడు యజమాని.

అక్కకు ఒళ్ళు మండింది. "అడిగాడు. పొద్దున్నే, నా ముందే అడిగాడు," అంది.

సగం కోసిన షీటు మీద కత్తి పడి ఉంది. వాడివాడి నల్లబడిన రేకులో, కొత్తగా అరగదీసిన వెన్ను ఒక్కటే తళతళలాడుతోంది.