చిన్నోడి వెనకవాళ్ళు

కళ్ళజోళ్ళ దుకాణం షట్టరు ఎత్తే ముందు ఆవిడకి రోజూ ఒక పని ఉంది. ఇంటి వెనక రేకుల షెడ్డులోకి వెళ్ళి, ఆరు చక్రాల పాత మిలటరీ లారీలో ఆయిలు చూసి, స్టార్టు చేసి, ఇంజను గొంతు సరిగ్గా ఉందో లేదో కాసేపు విని, ఆపేసి రావడం. ఆ లారీ పేరు చిన్నోడు. పేరుకే చిన్నోడు గానీ మూతి ఎప్పుడూ షెడ్డు బయటే ఉంటుంది, తలుపు వేయడానికి వీల్లేదు. వీధి వీధంతా ఆవిణ్ణి లారీ వదిన అంటారు. గోళ్ళ కింద అంత గ్రీజు పెట్టుకుని ఇంత సన్నటి కళ్ళజోళ్ళు ఎలా బిగిస్తుందా అని మొదట్లో ఆశ్చర్యపోయినవాళ్ళు కూడా ఇప్పుడు తమ చత్వారాలు ఆవిడకే అప్పజెప్పారు.

ఇంజను మోగగానే వెనకవాళ్ళు ఎక్కేవాళ్ళు. కనబడరు, మాట్లాడరు. లారీ వెనక రెండు పక్కలా ఉన్న ఇనప బల్లలు కిర్రుమంటాయి, చక్రాల మీది కమాన్లు, అంటే ఆ ఇనప పట్టీల స్ప్రింగులు, బరువుకి కిందికి దిగుతాయి. ఒకప్పుడు ఆ లారీలో తిరిగిన సిపాయిలన్నమాట. సైన్యం దాన్ని అమ్మేసిందని వాళ్ళకెవరూ చెప్పినట్టు లేదు. పేపరు వేసే అతను సైకిలు తొక్కుకుంటూ పోతూ, "ఏం వదినా, ఇవాళ నిండుగా ఉన్నారే," అని ఓ మాట అనేసి పోయేవాడు.

వాళ్ళకో పద్ధతుంది. తోలేవాళ్ళ మీద నమ్మకముంటే కూర్చుంటారు, లేకపోతే దిగి నడిచొస్తారు. ఆవిడ భర్త స్టీరింగు మీద చెయ్యేస్తే చాలు, కమాన్లు చటుక్కున పైకి లేచేవి. ఒక్కడూ మిగిలేవాడు కాదు. "నేనంత ఘోరంగా తోలతానా?" అని ఆయన కొన్నాళ్ళు ముఖం మాడ్చుకుని తిరిగి, తర్వాత లారీ జోలికే పోలేదు. ఆవిడ తోలితే కూర్చునేవాళ్ళే గానీ, నిటారు ఎక్కుడు వచ్చిందంటే సగంమంది దిగిపోయేవాళ్ళు. అది ఆవిడకి పెద్ద చిన్నతనం. "ఉంటే ఉండండి, పోతే పోండి, ఈ సగం నమ్మకమేంట్రా?" అని కిటికీలోంచి తల బయటపెట్టి కేకలేసేది. 

ఇక మరిది సంగతి. భర్త తమ్ముడు. పెద్ద పెద్ద యంత్రాల్ని మోసే ట్రైలరు తోలేవాడు ఒకప్పుడు. బరువు కట్టుకుని బయల్దేరిన కాసేపటికి బండి ఆపి, గొలుసులన్నీ చేత్తో లాగి చూసుకోవాలి. గతుకుల్లో బరువు సర్దుకుంటుంది, గొలుసులు వదులవుతాయి. ఆ పనిలో ఉన్నవాళ్ళలో ఎవర్ని అడిగినా మొదట చెప్పేది ఇదే. ఒక సాయంత్రం వాన ముంచుకొస్తోందని మరిది ఆగలేదు. పాత మిల్లు దగ్గరి మలుపులో బరువు జారింది, క్లీనరు కాలు దాని కింద పడింది. ఆ క్లీనరు ఇప్పుడు కొంచెం కుంటుతూ తిరుగుతున్నాడు, దారిలో ఎదురుపడితే నవ్వుతూ పలకరిస్తాడు కూడా. మరిది మాత్రం ఆ తర్వాత మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. వదిన దుకాణం వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీస్తాడు. పనికి వంక పెట్టడానికి లేదు, కానీ ఆ పనిలో మనిషి లేడు.

సాయంత్రాలు చిన్నోణ్ణి తుడుస్తాడు, కింద దూరి బోల్టులు బిగిస్తాడు, సీటెక్కమంటే మాత్రం ససేమిరా అంటాడు. ఎందుకో వదినకి తెలుసు. పోలీసులు వదిలేశారు, కంపెనీ వదిలేసింది, క్లీనరే వదిలేశాడు. వెనకవాళ్ళు మాత్రం మొహమాటపడరు. అతను ఎక్కాక కమాన్లు పైకి లేచాయంటే ఇక ఎవరేం చెప్పినా లాభం లేదు. వాళ్ళ ఆ తీర్పు వినకుండా తప్పించుకోవడానికి జీవితమంతా అద్దాల పొడిలో గడిపేసేట్టున్నాడని ఆవిడకి బెంగ. ఒళ్ళు మండిపోయేది కూడా.

ఆ సెలవు రోజు పొద్దున్నే ఆవిడ చిన్నోణ్ణి షెడ్డులోంచి బయటికి తీసింది. ఊరవతల రాళ్ళ క్వారీ అడుగున పెద్దాయన ఉన్నాడు. ఆవిడ పెట్టిన పేరే. ఒకప్పుడు యుద్ధ ట్యాంకుల్ని వీపున మోసిన పది చక్రాల లారీ. ఇంజను చచ్చిపోయాక క్వారీవాళ్ళు ఉన్నచోటే వదిలేశారు. దాని కోసం ఆవిడ ఏళ్ళ తరబడి వాళ్ళ చుట్టూ తిరిగింది. ఇప్పుడు క్వారీ మూసేస్తున్నారు కాబట్టి, తీసుకుపోగలిగితే తీసుకుపొమ్మన్నారు. నీళ్ళు తోడే పంపులు అప్పటికే ఆపేశారు. ఊట నీరు పైకొస్తోంది. మర్నాటికల్లా పెద్దాయన మునిగిపోతాడు.

"తుప్పు పట్టిందాన్ని ఇంటికి తేవడమెందుకు? ఇంట్లో నేను లేనూ?" అన్నాడు భర్త గడప దగ్గర నిలబడి.

"మీరు మునిగిపోవట్లేదు కదండీ," అని ఆవిడ గేరు వేసింది. పక్కన మరిది ఒళ్ళో గొలుసులు పెట్టుకుని ముడుచుకు కూర్చున్నాడు.

క్వారీ కాపలా తాత గేటు తీసి, దారి చూపిస్తూ ముందు నడిచాడు. అడుగున నీళ్ళు పెద్దాయన చక్రాల్లో సగం దాకా వచ్చేశాయి. చుట్టూ ఇళ్ళంత బండలు, మధ్యలో పైకి పోయే ఒకే ఒక్క కంకర దారి. పెద్దాయన కమాన్లు బాగా కిందికి వంగి ఉన్నాయి.

"ఈయన వెనకవాళ్ళు ఎక్కే ఉన్నారే తాతా," అంది వదిన.

"నేను పనిలో చేరినప్పట్నుంచీ అంతేనమ్మా. దిగరు. తోలేవాడు వస్తాడని కూర్చున్నారు పాపం," అన్నాడు తాత.

వదిన చిన్నోణ్ణి వెనక్కి తీసి పెద్దాయన ముందు నిలిపింది. మరిది మోకాలి లోతు నీళ్ళలో దిగి, రెండింటి మధ్యా లావాటి ఇనపకడ్డీ తగిలించి, పిన్నులు వేసి, పైన గొలుసులు బిగించాడు. పెద్దాయనకి బ్రేకులు లేవు. ఎక్కుడులో వెనక్కి జారితే ఆపేది ఒక్కటే, చక్రం వెనక పడేసే చెక్క దిమ్మ. దిమ్మ పట్టుకుని వెంట నడవడానికి మరిది సిద్ధమయ్యాడు.

వదిన లాగింది. చిన్నోడి మూతి ఎక్కుడు మీదికి లేచిందో లేదో, ఆవిడ భయపడినంతా అయింది. బల్లలు కిర్రుమన్నాయి, కమాన్లు పైకి లేచాయి. సగంమంది దిగిపోయారు. లాగే బండికి వెనక బరువు లేకపోతే చక్రాలు నేలని పట్టుకోవు. చిన్నోడి చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి, కంకరంతా పెద్దాయన ముఖాన కొట్టాయి. పెద్దాయన నీళ్ళలోంచి జానెడు కూడా కదల్లేదు.

"దిగినవాళ్ళు ఎక్కండ్రా! మీవాడే మునిగిపోతున్నాడు!" అని అరిచింది. ఎవరూ ఎక్కలేదు.

సరే, రాళ్ళతో నింపుదామంది. ముగ్గురూ కలిసి మోయగలిగినవన్నీ మోసి చిన్నోడి వెనక పోశారు. అడుగు చెక్కలు పాతవి. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఒకటి పెళ్ళున విరిగింది, ఇంకోటి విరగడానికి సిద్ధంగా ఉంది. మోసినవన్నీ మళ్ళీ దింపాల్సొచ్చింది. టైర్లలో గాలి తగ్గించి చూసింది. చక్రాల కింద గోనెసంచులు పరిచి చూసింది. ప్రతిసారీ అదే తంతు, చక్రాలు తిరగడం, కంకర లేవడం. తాత గేటు దగ్గరికెళ్ళి నీళ్ళ సీసా తెచ్చిచ్చి, "ఇక వదిలెయ్యమ్మా," అన్నాడు. ఆవిడ నీళ్ళు తాగింది, మాట చెవిన వేసుకోలేదు.

పొద్దు వాలుతుండగా ఆవిడ ఇంజను ఆపి కిందికి దిగింది. నీళ్ళు పెద్దాయన ఇరుసులు దాటిపోయాయి. మరిది దగ్గరికెళ్ళి, అతని చేతిలోని దిమ్మ లాక్కుంది.

"నువ్వెక్కు."

"నావల్ల కాదు వదినా."

"నావల్ల కాలేదు. అది పొద్దున్నుంచీ చూస్తూనే ఉన్నావు. వాళ్ళు నిండుగా కూర్చుంటేనే ఇది కదులుతుంది."

 "మీ దగ్గర సగంమందైనా ఉన్నారు. నేనెక్కితే ఆ సగం కూడా దిగిపోతే?"

"దిగిపోతే తెలిసిపోతుంది. రేపట్నుంచి నువ్వు అద్దాలు అరగదీసుకో, నేను ఇంకెప్పుడూ అడగను. అంతేగానీ తెలీకుండా మాత్రం నిన్ను ఆ గదిలో కూర్చోనివ్వను. చూసి చూసి నా ప్రాణం విసిగిపోయింది."

అతను ఆవిడ చేతిలోని దిమ్మ వైపు చూశాడు. "అది తాతకివ్వండి. మీరు వెనకుంటే నేను తోలను."

"తాతకి మోకాళ్ళ నొప్పులు. నేనే ఉంటాను. నేను వెనకుంటేనే నువ్వు సరిగ్గా తోలతావు."

ఆ మిల్లు మలుపులో క్లీనరు కూడా అలా వెనకే ఉన్నాడని ఇద్దరికీ గుర్తుంది. ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు. మరిది ఒకసారి కడ్డీ దగ్గరికెళ్ళి పిన్నులు తట్టి, గొలుసులు లాగి చూసి, చిన్నోడి తలుపు తీశాడు. సీటెక్కడానికి మెట్టు మీద కాలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

ఇంజను మోగింది. వదిన పెద్దాయన పక్కన నీళ్ళలో దిమ్మ పట్టుకుని నిలబడింది. ముందు ఏమీ జరగలేదు. తర్వాత ఆవిడ చెవి పక్కనే, ఏళ్ళ తరబడి కదలని ఇనుము మూలిగింది. పెద్దాయన కమాన్లు పైకి లేస్తున్నాయి. ఒకటి, దాని పక్కది, వెనకవీ. ఇన్నేళ్ళుగా దిగనివాళ్ళు దిగుతున్నారు.

ఆవిడ ఆ కమాన్ల వైపే వంగి చూసింది. నేను చేజేతులా చేశాను అనుకుంది. ఆశ పడటానికి కాస్తయినా సందుండేది వాడికి, అది కూడా పూడ్చేశాను. తల ఎత్తేసరికి చిన్నోడి పక్క అద్దంలో మరిది ముఖం కనబడింది. ఆ కమాన్లు లేవడం అతనికీ కనబడుతోంది. అతని చెయ్యి తాళంచెవి మీదికి పోతోంది.

అప్పుడు ఆవిడ పక్కన నీళ్ళు కదిలాయి. ఎవరో ఆవిణ్ణి రాసుకుంటూ ముందుకు పోయినట్టయింది, ఆ వెనక ఇంకొకరు, ఇంకొకరు. ఎక్కుడు మీద కంకర కరకరా నలిగింది. ఆ చప్పుడు చిన్నోడి వెనక ఆగింది. బల్లలు కిర్రుమన్నాయి. చిన్నోడి కమాన్లు దిగాయి. పొద్దున ఆవిడ కోసం దిగినంత దిగి, అక్కడ ఆగకుండా ఇంకా దిగి, ఆ పట్టీలు దాదాపు సాపుగా అయ్యేదాకా దిగాయి. చిన్నోడివాళ్ళు అందరూ ఉన్నారు. పెద్దాయనవాళ్ళు కూడా వచ్చి ఇరుక్కున్నారు.

"సర్దుకుని కూర్చుంటున్నారమ్మా," అన్నాడు తాత పైనుంచి. "కాస్త ఆగి తియ్యమను."

మరిది ఆగాడు. తాళంచెవి మీది చెయ్యి తీసి కళ్ళు తుడుచుకుని గేరు వేశాడు. చిన్నోడి చక్రాలు ఒక్క చుట్టు కూడా ఊరికే తిరగలేదు. తేలికపడ్డ పెద్దాయన నీళ్ళు కారుకుంటూ వెనకే ఎక్కాడు. వదిన దిమ్మతో పక్కనే నడిచింది, అడుగడుక్కీ చక్రం వెనక పెట్టబోయింది, పెట్టాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు. తోలడం అంటే ఇదన్నమాట అనుకుంది. కొంచెం అసూయగా కూడా అనిపించింది, అబద్ధమెందుకు.

గేటు దాటాక ఆవిడ తలుపు దగ్గరికెళ్ళి, "దిగు, ఇక్కణ్ణుంచి నేను తోలతాలే," అంది. మాట వరసకే.

మరిది స్టీరింగు వదల్లేదు. "దిగితే వాళ్ళూ దిగుతారేమో వదినా. మీరెక్కండి."

పక్క సీటు నిండా తడి గొలుసులు, సామాన్లు. ఆవిడ వెనక్కి వెళ్ళి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, నిచ్చెన ఎక్కింది. ఇంతకాలంలో చిన్నోడి వెనక ఎక్కడం ఆవిడకి ఇదే మొదలు. ఖాళీగా కనబడుతున్న బల్లల ముందు కాసేపు నిలబడి, "కొంచెం జరగండి నాయనా," అంది. బల్ల కిర్రుమంది. చివర చోటు దొరికింది, కూర్చుంది.

మసక వెలుతురులో పాత మిల్లు గోడ కనబడింది. మలుపు ఇంకా కొంచెం దూరముందనగా బండి ఆగింది.  ఇక్కడ తోలడం వదిలేస్తాడేమో అనుకుంది వదిన. తలుపు తెరుచుకుంది, మరిది దిగాడు. వాళ్ళు దిగిపోతారని భయపడ్డవాడు, భయపడుతూనే దిగాడు. కడ్డీ దగ్గరికొచ్చి పిన్నుల్ని వేలితో తట్టాడు. గొలుసుల్ని ఒక్కొక్కటీ చేత్తో లాగి చూశాడు. ఒకటి వదులైంది, దాన్ని బిగించాడు. అంతసేపూ బల్ల మీద ఆవిడ పక్కన బరువు బరువుగానే ఉంది. ఒక్కడు కూడా లేవలేదు.

"ఇప్పుడు బాగుంది వదినా," అని అతను వెళ్ళి సీటెక్కాడు.

మలుపులో బండి మెల్లగా ఒరిగి, మెల్లగా నిలదొక్కుకుంది. ఎవరూ దిగలేదు. రేపు దుకాణంలో అద్దాలు అరగదీయడానికి వేరే మనిషిని వెతుక్కోవాలని వదినకి అప్పుడే అర్థమైపోయింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీసి తుడుచుకుంది.