ఒక ‘ండి’ తగ్గింది

బస్సు ఎక్కడికి వెళుతోందో తెలియదు గానీ, కిటికీలోంచి చూస్తే బయట రోడ్డు లేదు, నల్లటి ఆకాశం ఉంది, అందులో అక్కడక్కడా కిరాణా కొట్లు దీపాలు వెలిగించుకుని తేలుతున్నాయి, వకుళ గారు మాత్రం అదేమీ పట్టనట్టు నా పక్క సీట్లో కూర్చుని, రికార్డింగ్ రోజుల్లోలాగే ఒళ్ళో ఫ్లాస్కు పెట్టుకుని, గొంతు బాగుండాలని గోరువెచ్చని నీళ్ళు గుక్కెడు గుక్కెడు తాగుతున్నారు. ఆవిడ పోయి రెండు నెలలు దాటింది. ఆ సంగతి నాకు బాగానే గుర్తుంది. గుర్తుండి కూడా, పోయినవాళ్ళకి టికెట్టు తీయాలా అక్కర్లేదా అన్న సందేహం తప్ప ఇంకేమీ కలగడం లేదు, కండక్టరు వస్తే అడుగుదామని చూస్తున్నాను.

"ఇంతకీ ఏవంటున్నారండీ జనం?" అని వకుళ గారే మొదలుపెడతారు.

"దేని గురించండీ?"

"మన ఓడ గురించేనండి. శుక్రవారం వచ్చేసిందంట కదా టీవీలో. నేను చూళ్ళేదు. అక్కడ సిగ్నలు అందదండి."

మన ఓడ అంటే ‘నీలి కక్ష్య’ అనే పరదేశపు సీరియల్లో నక్షత్రాల మధ్య తిరిగే ఓడ. ఆ సీరియల్‌కి తెలుగు మాటలు రాసింది నేను, ఓడకి గొంతు ఇచ్చింది వకుళ గారు. మొదటి భాగం మటుకు చెప్పి, రెండోదానికి పిలిచేలోపు జ్వరం వచ్చి వెళ్ళిపోయారు. జనం ఏమంటున్నారో చెప్పాలంటే నాకు నోరు రావడం లేదు, ఎందుకంటే జనం కథ గురించి ఏమీ అనడం లేదు, గ్రాఫిక్స్ గురించీ అనడం లేదు, శుక్రవారం నుంచీ అందరూ ఒకే ఒక్క మాట పట్టుకుని జుట్లు పీక్కుంటున్నారు, ఆ మాట ఈవిడ నోట్లోంచి వచ్చింది.

మొదటి భాగం చివర్లో కెప్టెన్, చిన్న వయసు పిల్ల, ఓడ బయట మరమ్మతు చేస్తూ తాడు తెగబోయి వేలాడుతూ ఉంటుంది. అప్పుడు ఓడ పిలుస్తుంది. నేను కాగితం మీద రాసింది "లోపలికి రండి, కెప్టెన్" అని. ఓడ అన్నది "లోపలికి రా" అని. గంటసేపు అండీ అండీ అంటూ మర్యాద తప్పకుండా మాట్లాడిన యంత్రం ఉన్నట్టుండి రా అన్నది. రికార్డింగ్‌లో నేను పట్టుకోలేదు, సౌండ్ చూసే మహేంద్ర పట్టుకోలేదు, ఆఫీసు వాళ్ళు పట్టుకోలేదు, చూసినవాళ్ళు పట్టుకున్నారు. ఇప్పుడు ఆఫీసు వాళ్ళకి కంగారు పుట్టింది. ఇదే భాగంలో ఇంకోచోట వకుళ గారి గొంతులోనే శుభ్రమైన "రండి" ఒకటి ఉందనీ, దాన్ని కోసి ఇక్కడ అతికించేస్తే గొడవ వదిలిపోతుందనీ, అతికించమంటారో వద్దంటారో సాయంత్రంలోగా చెప్పమనీ నా నెత్తిన పెట్టారు. అతికిస్తే ఆ "రా" ఇంక ఈ లోకంలో ఎక్కడా ఉండదు.

ఉండకపోతే ఏం పోయిందని ఎవరైనా అడగవచ్చు. వాళ్ళకి వకుళ గారు తెలియదు. ఆవిడది గోదావరి జిల్లా, రామచంద్రపురం వైపు. పాత్ర కోసం కాగితం మీద ఏముంటే అది చెప్పేవారు గానీ, తన నోటితో తానుగా ఎవరినైనా నువ్వు అనడం నేను ఒక్కసారి కూడా వినలేదు. స్టూడియో మెట్ల మీద పడుకున్న పిల్లిని కూడా "కాస్త జరగండి" అనేవారు, పిల్లి జరిగేది కూడా. అలాంటి మనిషి కాగితంలో లేని "రా" ఎందుకన్నారు? నోరు జారిందా, తెలిసే అన్నారా? జారితే సరిదిద్దడం నా పని. తెలిసే అని ఉంటే దాన్ని చెరపడానికి నేనెవర్ని? ఇదంతా ఆవిడకి చెబుదామని తిరిగేసరికి ఆవిడ సీట్లో వెనక్కి తిరిగి మోకాళ్ళ మీద కూర్చుని, వెనక సీట్లవాళ్ళని కళ్ళింత చేసుకుని చూస్తున్నారు.

"వీళ్ళేనాండీ జనం?"

వాళ్ళే. బస్సు నిండా నేను పొద్దుటి నుంచీ ఫోన్లో చదివిన వాళ్ళందరూ కూర్చుని ఉన్నారు, ఎవరికీ సొంత ముఖం లేదు, ఫోన్లో ఏ బొమ్మ పెట్టుకున్నారో అదే ముఖం. ఒకామెకి మెడ మీద ఎర్రటి మందార పువ్వు ఉంది. ఒకాయనకి బోసినవ్వుల పసిపాప ముఖం, దాని కింద బట్టతల మనిషికి ఉండాల్సిన పొట్ట. ఇంకొకాయనకి ముఖం ఉండాల్సిన చోట కొండల మధ్య సూర్యుడు అస్తమిస్తున్నాడు, ఆయన మాట్లాడినప్పుడల్లా ఎండ కొంచెం ఎర్రబడుతోంది.

"గా ఓడ కరెక్టే అన్నది," అంటోంది మందార పువ్వు. "మా ఇంట్ల అమ్మనైనా నాయిననైనా నువ్వనే అంటం. నేను ‘మీరు’ అన్ననంటె ఆ దినం మా ఆయనకు గుండెల రాయి పడ్డట్టే, ఏం తప్పు చేసిన్నో అని సోంచాయిస్తడు. ఓడకు ఆ పిల్లంటె పానం. గంతే."

"పానమూ లేదు, గీనమూ లేదు," అంటున్నాడు పసిపాప ముఖం ఆయన, బొంగురు గొంతుతో. "డబ్బింగోళ్ళు నిద్దరపోయారు. పెదాలకి సరిపోక మార్చాం అంటారేమో, అసలు ఓడకి పెదాలేయి? ఆ సాకు కూడా లేదు వీళ్ళకి!"

నాకు చురుక్కుమంటుంది, ఎందుకంటే ఆ సాకుతోనే మా వృత్తి మొత్తం బతుకుతోంది. సమాధానం చెబుదామని లేవబోతే వకుళ గారు నా కొంగు పట్టుకుని లాగుతారు. "ఉండండి, ఉండండి. ఆ సూర్యుడు గారేదో చెబుతున్నారు."

"ఆ ఓడ ఉత్త ఓడ కాదబ్బా," అంటున్నాడు సూర్యాస్తమయం ఆయన, బస్సంతటికీ వినపడేలా. "ఆ పాప వాళ్ళమ్మ సచ్చిపోయింటాది. ఆయమ్మ మనసు తీసి మిషన్లోకి ఎక్కిచ్చినారు. ఇంతసేపూ గుట్టు దాచిపెట్టింది, బిడ్డ పడిపోతా ఉంటే ఆగలేకపోయింది. రెండో భాగంలో బయటపడకపోతే నన్నడుగు."

"చచ్చిపోయాక మిషన్లోకి ఎక్కించేరంట!" వకుళ గారికి పట్టరాని సంబరం. "ఎంత బాగుందండీ! నిజవేనా? మీరే కదా రాసేది, ముందే చెబితే ఇంకొంచెం గమ్మత్తుగా చెప్పేదాన్ని కదండీ."

"నేను రాసేది కాదండీ, వాళ్ళు రాసినదానికి తెలుగు చేసేది," అంటాను. రెండో భాగం కొత్తమ్మాయి చేత చెప్పించబోతున్నామని అనలేకపోతాను. నాకు ఏడుపు వస్తోంది, వస్తున్నా ఆవిడ సంబరం చూస్తుంటే ఏడవడం బాగుండదనిపిస్తోంది.

"అసలు ఆ గొంతెవరిది?" అని ఎవరో అడుగుతారు. బస్సు మొత్తం ఇటు తిరుగుతుంది, మందార పువ్వు కూడా. "వినంగనే మనసుకు సల్లగైతది. పేరు ఏడ గూడ రాలే."

ఇదిగో ఇక్కడే ఉన్నారని చెప్పబోతాను. వకుళ గారు నా చేతి మీద చెయ్యి వేస్తారు, ఆ చేతికి బరువు లేదు. "చెప్పకండి. ఓడే మాట్లాడుతుందనుకోనివ్వండి. అంతకంటే ఏం కావాలండి మనకి?"

ఇంక ఆగలేక అడిగేస్తాను. "వకుళ గారూ, ఎందుకన్నారండీ రా అని? నోరు జారిందా, కావాలని అన్నారా? సాయంత్రంలోగా నేను చెప్పాలి."

ఆవిడ నన్ను విచిత్రంగా చూస్తారు, లెక్క తప్పు చేసిన పిల్లని టీచరు చూసినట్టు. "ఇది మీ కలండి, ఇందుమతి గారూ. మీకు తెలీని సంగతి నాకెలా తెలుస్తుంది? మీరు రాసిస్తే కదండీ నేను చెప్పేది. రాయండి మరి."

అది న్యాయంగానే ఉంది. కాగితం కోసం వెతుకుతాను, దొరకదు, నోటితోనే చెబుతాను, ఆవిడ ముందున్న సీటు రాడ్డు ఎప్పుడో మైకు అయిపోయింది, దానికి దగ్గరగా జరిగి గొంతు సవరించుకుంటారు.

"నోరు జారిందండి," అని చెప్పి, తల అడ్డంగా ఊపుతారు. "నప్పలేదు. ఇంకోటి ఇవ్వండి."

"కావాలనే అన్నానని చెప్పండి."

"కావాలనే అన్నాను." ఆవిడకే నవ్వొస్తుంది. "పొగరుబోతులా ఉన్నానండి. ఇంకోటి."

"ఆ పిల్ల అక్కడ వేలాడుతుంటే ‘ండి’ అనే తీరిక ఎక్కడిది?"

ఆవిడ దాన్ని చెప్పరు. పెదవుల మధ్యే ఒకసారి అనుకుని చూస్తారు. "ఇది కొంచెం దగ్గరగా ఉందండి. కానీ తీరిక మాట కాదు." ఫ్లాస్కు మూత బిగిస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు, "మీరెప్పుడూ మా ఇంట్లోకి రాలేదు కదండీ?" అంటారు.

రాలేదు. ఏళ్ళ తరబడి రికార్డింగ్ అయ్యాక నా స్కూటీ మీద ఆవిడని దింపేదాన్ని, గేటు దగ్గర ఇంజను ఆపకుండానే అరగంట కబుర్లు చెప్పుకునేవాళ్ళం, లోపల గచ్చు ఎలా ఉంటుందో, కుర్చీలు ఏ రంగో నాకు తెలియదు.

"పిలిచేవారు కదండీ మీరు. ప్రతిసారీ పిలిచేవారు."

"పిలిచేదాన్ని. లోపలికి రండి అనేదాన్ని. మీరు ఇంకోసారి వస్తానండి అనేవారు. నేను అలాగేనండి అనేదాన్ని. ఇద్దరికీ మర్యాదే." ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు, ఒక విచిత్రాన్ని తిప్పి తిప్పి చూస్తున్నట్టుంది. "రండి అంటే ఇంకోసారి అనొచ్చండి. ఆ వెసులుబాటు ఉంది దాంట్లో. అందుకే అంత హాయిగా అనేస్తాం."

"మరి రా అంటే?"

దానికి జవాబు వినపడదు, ఎందుకంటే అప్పటికి మా మధ్య అద్దం వచ్చేసింది. అది స్టూడియోలో అద్దమే, కాకపోతే అటుది ఇటయింది, ఎప్పుడూ మైకు దగ్గర వెలుగులో ఆవిడ, చీకట్లో కుర్చీలో నేను ఉండేవాళ్ళం, ఇప్పుడు నాకు కుర్చీ లేదు, కింద నేల లేదు, బస్సు ఎటు పోయిందో తెలియదు, దూరంగా కిరాణా కొట్ల దీపాల పక్కన ఒక మందార పువ్వు ఎర్రగా కనపడుతోంది. గాలి లేకపోయినా నా కొంగు ఎగురుతోంది. భయం వేయాల్సింది, వేయలేదు, గాలి లేకుండా కొంగు ఎలా ఎగురుతోందా అని చూస్తూ ఉంటాను. అలా చూస్తూ ఉండగా నేను నెమ్మదిగా వెనక్కి జరిగిపోతున్నానని తెలుస్తుంది.

వకుళ గారు కూడా అది చూశారు. ఫ్లాస్కు పక్కన పెట్టి అద్దం దగ్గరికి వచ్చారు. ఏదో అంటున్నారు. శబ్దం లేదు. నేను పెదవులు చూసి మాట పట్టుకునే మనిషిని, అదే నా తిండి, పరాయి భాష పెదవుల మీద తెలుగు కూర్చోబెడుతూ ఇన్నేళ్ళు గడిపాను, తెలుగు పెదవుల మీద తెలుగు చదవలేనా అని కళ్ళు చికిలించుకుని చూస్తాను. లోపలికి అన్నంతవరకూ అనుమానం లేదు. ఆ తర్వాత నోరు తెరుచుకుంది. "రండి" అయితే చివర పెదవులు పక్కకి సాగి పళ్ళు దగ్గర పడాలి. నేను వాటికోసం ఎదురుచూస్తున్నాను. పడలేదు. నోరు పూర్తిగా తెరుచుకుని అలాగే ఉంది, కళ్ళు నా మీదే ఉన్నాయి, ఆ మాటకి ఏం బదులు చెప్పాలో, ఇంకోసారి అని ఎలా అనాలో వెతికితే నాకు ఒక్క అక్షరం కూడా దొరకలేదు.

"ఇందూ, టీ పెట్టాను."

కళ్ళు తెరిచేసరికి మధ్యాహ్నపు ఎండ మంచం సగం దాకా వచ్చింది. ఫోను బోర్లా పడి ఉంది. గది గుమ్మంలో మా అత్తగారు గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు. మామగారు పోయాక ఆవిడ మా దగ్గరికి వచ్చి చాలా కాలమైంది, ఇల్లంతా తిరుగుతారు, మా గది గుమ్మం మాత్రం దాటరు, టీ అయినా మందుబిళ్ళలయినా తలుపు పక్కన స్టూలు మీద పెట్టి వెళ్ళిపోతారు. నేను రోజూ "లోపలికి రండత్తయ్యా" అంటాను. ఆవిడ రోజూ "పని ఉందమ్మా" అంటారు.

"లోపలికి రా అత్తయ్యా," అన్నాను నిద్ర గొంతుతో.

అనేశాక మెలకువ పూర్తిగా వచ్చింది. పెళ్ళయిన రోజు నుంచీ ఒక్కసారి కూడా ఆవిడని అలా పిలవలేదు. నాలుక కరుచుకుని "ండి" తగిలిద్దామని నోరు తెరిచాను గానీ, అప్పటికే ఆలస్యమైంది. ఆవిడ గ్లాసు వైపు చూశారు, స్టూలు వైపు చూశారు, నా వైపు చూశారు. తర్వాత గుమ్మం దాటి వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు ఒక్క క్షణం ఆగి, మంచం అంచున కూర్చున్నారు.

"పొద్దుట్నుంచీ ఫోన్లో ఏం చూసి అట్లా ఇదైపోతన్నావ్?" అన్నారు టీ నా చేతికిస్తూ. "ఏదో ఓడ గొడవంట గదా. ఏంటో చెప్పు."

"చెబుతాను, ఒక్క నిమిషం," అని ఫోను తీసుకుని ఆఫీసుకి "అలాగే ఉంచండి" అని కొట్టి పంపాను, పంపి, ఆవిడ సరిగ్గా కూర్చోవడానికి వీలుగా గోడ వైపు జరిగాను.