ఏడో లేడిల్

పదకొండున్నరకి, లోపలి ఇటుక అరిగిపోయి, నాలుగో లేడిల్ అడుగు ఎర్రబడింది. కరిగిన ఉక్కును కొలిమి దగ్గర పట్టి పోత యంత్రానికి మోసుకెళ్లే ఆ పెద్ద ఇనప తొట్టిని హడావిడిగా పక్కన దించేశారు. కొలిమిలో ఉక్కు మరో నలభై నిమిషాల్లో తయారవుతుంది. పట్టడానికి మిగిలింది ఏడో లేడిల్ ఒక్కటే. దానికి నిన్ననే లోపల కొత్త ఇటుక కట్టారు. ఇరవై నాలుగు గంటలు మంట పెట్టి ఆరబెట్టాలి. పద్నాలుగే అయ్యాయి.

పైన అద్దాల గదిలో షెడ్యూలు గుమాస్తా బోర్డు మీద అంకెలు చెరిపాడు, రాశాడు, మళ్లీ చెరిపాడు. నిమిషానికోసారి గోడవైపు చూస్తాడని అతన్ని అందరూ గడియారం అంటారు. ఏ లేడిల్ ఎప్పుడు ఎక్కడుండాలో చెప్పడమే అతని పని. పోత మధ్యలో ధార తెగితే మళ్లీ మొదలెట్టడానికి ఆరు గంటలు. కిందటిసారి తెగనిచ్చిన గుమాస్తా ఇప్పుడు తుక్కు యార్డులో రోజుకూలీకి ఇనుము ఏరుతున్నాడు.

"ఏడోది పెట్టు," అన్నాడు మేనేజరు, కుర్చీలోంచి కదలకుండానే.

"ఇంకా ఆరలేదు సార్. మేస్త్రీ రేకు తగిలించలేదు."

ఆరిందని నమ్మకం కుదిరాకే ఇటుక మేస్త్రీ లేడిల్ చెవికి ఒక రేకు ముక్క తగిలిస్తాడు. అది కనపడందే క్రేన్ నడిపే ఆమె కొక్కెం దించదు. ఏ కాగితంలోనూ లేని పద్ధతి. తడి ఇటుక మీద ఉక్కు పడితే ఆవిరి పేలి, ఆ నిప్పంతా మనుషుల మీదికి ఎగురుతుందని చూసినవాళ్లు పెట్టుకున్నది.

మేస్త్రీని పిలిపించారు.

"తగిలించవయ్యా."

"తలంటుకున్న జుట్టుకే పూట పడుతుంది సార్. ఇది జానెడు మందం ఇటుక."

"సరే, నీ రేకు నువ్వే దాచుకో." మేనేజరు గుమాస్తా వైపు తిరిగాడు. "నువ్వు చెబితే ఆమె ఎత్తుతుంది. చెప్పు."

గుమాస్తా అద్దంలోంచి కిందికి చూశాడు. కొలిమి దగ్గర తమ్ముడు నిలబడి ఉన్నాడు. కొలిమి మూతి తెరిచి ఉక్కును లేడిల్‌లోకి వదిలేది వాడే. వాళ్లనీ వీళ్లనీ బతిమాలి వాణ్ణి ఈ పనిలో పెట్టించింది తనే.

వాకీటాకీ అందుకున్నాడు. "ఏడు ఎత్తమ్మా."

"రేకు లేదన్నా."

"నేను చెబుతున్నాగా."

తన గొంతు అంత మామూలుగా పలికినందుకు అతనికే భయమేసింది.

మేస్త్రీ జేబులోంచి రేకు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇకనుంచి నువ్వే తగిలించుకో నాయనా," అని మెట్లు దిగిపోయాడు.

లేడిల్ గాల్లోకి లేచింది. కొలిమి ఇంకా సగం దూరం ఉందనగా ఆగిపోయింది.

"అన్నా, లేడిల్ పక్కలకున్న బొక్కల్లోంచి ఆవిరొస్తోంది."

"పోనివ్వమను," అన్నాడు మేనేజరు.

"పోనివ్వమ్మా."

"అలాగే. ముందు నువ్వొచ్చి మీ తమ్ముడి పక్కన నిలబడు. అప్పుడు పోనిస్తా."

మేనేజరు అతన్ని చూశాడు. అతను గోడని చూశాడు. ఇంకా పది నిమిషాలు.

కింద తమ్ముడు ముఖానికున్న అడ్డు పైకెత్తి, సగం దారిలో ఆగిన లేడిల్‌ని చూసి, తర్వాత అద్దం వైపు తిరిగి ఏమైందన్నట్టు చెయ్యి తిప్పాడు.

గుమాస్తా మాట్లాడటానికి మీట నొక్కాడు. వాకీటాకీ మీద ఎర్రదీపం వెలిగింది. వెలుగుతూనే ఉంది.