సాదిర్‌బెక్ దగ్గు

కొండల్లోని నారిన్ నుంచి రాజధాని బిష్కెక్ వెళ్లే వ్యాన్లలో సాదిర్‌బెక్ బండికే గిరాకీ ఎక్కువ. దారి పొడవునా కబుర్లు చెబుతాడు, గొంతెత్తి పాడతాడు. ఈ మధ్య మాత్రం పాట సగంలో ఉండగానే దగ్గు అందుకుంటోంది. "కొండగాలి పట్టింది, అంతే" అంటూ పులిసిన గుర్రపు పాలు ఓ గుక్క తాగి మళ్లీ తోలుతున్నాడు.

ఆ రోజు ముందు సీట్లో బురుల్‌కాన్ అనే ముసలామె కూర్చుంది. కనుమ ఎక్కుతుండగా కిటికీ అద్దం బర్రున దించేసింది.

"చలేస్తోంది అవ్వా, వెనక పిల్లలున్నారు."

"ఉన్నారనే దించాను. ఎన్నాళ్ల నుంచి నాయనా ఈ దగ్గు?"

"బంగాళాదుంపలు తవ్వకముందు నుంచి, రెండు నెలల పైమాటే."

"రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయా?"

"మా ఆవిడ అడగాల్సినవి నువ్వడుగుతున్నావే."

"ప్యాంటుకి తాడు కట్టుకు తిరుగుతుంటే ఆవిడ చూడలేదా?"

వెనక సీట్లలో నవ్వులు. సాదిర్‌బెక్‌కి నవ్వు రాలేదు. తను చిక్కిపోతున్న సంగతి అతనికీ తెలుసు.

"నాకూ వచ్చింది టీబీ. ఆర్నెల్లు మాత్రలు మింగాను. ఇప్పుడు చూడు, నీతో పోట్లాడే ఓపికుంది" అంది అవ్వ.

బిష్కెక్‌లో అందరూ దిగారు, ఆమె తప్ప.

"ఆసుపత్రికి పోనీ."

"తిరుగు ప్రయాణానికి జనం ఎదురుచూస్తున్నారు."

"వాళ్ల మీదా దగ్గుతావా?"

ఆసుపత్రి వైపు బండి తిప్పాడు.

పరీక్షల్లో టీబీయేనని తేలింది. మందులకు లొంగే రకమేనని, తాము చెప్పేదాకా బండి తోలొద్దని, బండెక్కినవాళ్లందరినీ పరీక్షలకు రమ్మనమని డాక్టర్లు చెప్పారు. "ఎవరికీ చెప్పకు, ఇక మన బండెక్కరు" అంది భార్య. అతనికీ అదే భయం. ఫోను చేతిలో పట్టుకుని పెరట్లో చాలాసేపు కూర్చున్నాడు. చివరికి ప్రతివారం ముందు సీట్లో కూర్చునే జీపార్ టీచరుకే మొదట చేసి సంగతి చెప్పాడు.

"నీ పాటలు భరించింది చాలదా?" అందామె. ఆపైన, "ఏ ఆసుపత్రికి వెళ్లాలి?" అని నెమ్మదిగా అడిగింది.

మిగతావాళ్లలో కొందరు తిట్టారు, ఒకరు ఫోను పెట్టేశారు. అయినా దాదాపు అందరూ పరీక్షలు చేయించుకున్నారు. జీపార్‌కి మాత్రం వ్యాధి అప్పుడే మొదలైందని తేలింది. క్లినిక్‌లో ఆమెను చూసి సాదిర్‌బెక్ తలెత్తలేకపోయాడు.

"ఇలా వచ్చి కూర్చో" అంది ఆమె మాత్రలు మింగి. "నాకన్నా ముందు నీకే అయిపోతాయి గదా ఇవి. నా కడుపుమంటంతా దానికే."

వసంతంలో అతని మందులు అయిపోయాయి, ఇక బండి తోలుకోవచ్చన్నారు డాక్టర్లు. ఆమెవి ఇంకా మిగిలే ఉన్నాయి. అవి అయ్యేదాకా ఆమెను క్లినిక్‌కి తీసుకెళ్లే పని తనే పెట్టుకున్నాడు. బండిలో పాడొద్దన్న షరతు మీద ఆమె ఒప్పుకుంది.