నాలుగు వేళ్ళ మేర

పెనుకొండలో ఆ ఇంటి నడవలో తెల్లని మల్లుగుడ్డ పరిచి, దాని మీద చీరను సగం విప్పి, జమాలుద్దీన్ మోకాళ్ళ మీద వంగి చూస్తున్నాడు. వాచీ, ఉంగరం తీసి జేబులో వేసుకున్నాడు. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, తడి పూర్తిగా ఆరేదాకా ఊరికే కూర్చుని, ఆ తర్వాతే పట్టును ముట్టుకున్నాడు. ఎడమచేతిలో భూతద్దం, కుడిచేతిలో పెన్సిల్. ఇలాంటి చోట పెన్ను బయటికి తీయడు. సిరా చుక్క ఒక్కటి పడిందంటే చీర ఉన్నంతకాలమూ ఆ మరక ఉంటుంది.

పక్కన అట్ట మీద ఫారం. మ్యూజియం ప్రదర్శనకు ఎరువు తెచ్చే ప్రతి వస్తువుకూ అది నింపాల్సిందే. కుచ్చిళ్ళ దగ్గర రూపాయి బిళ్ళంత మరక. అంచులో జరీ నల్లబడింది. మడతల దగ్గర మూడు చోట్ల పోగులు చిట్లాయి. కొంగు మొదలయ్యే చోట అతని చూపు ఆగింది. అక్కడ నాలుగు వేళ్ళ మేర నేత పలచగా ఉంది. ‘నేత లోపం’ అని రాశాడు.

“ఏం రాసినావప్పా ఆడ?” గోడకు ఆనుకుని కూర్చున్న నీలావతి అడిగింది. డెబ్బై రెండేళ్ళ మనిషి. సన్నగా, ఎండిన చింతబరికెలా ఉంది. భర్త ఈరప్ప పోయి ఆరేళ్ళయింది. కొడుకు దినేష్ మగ్గం అమ్మేసి ఆటో స్పేర్‌పార్టుల అంగడి పెట్టుకున్నాడు.

“ఈడ నేత పలచగుండాది కదక్కా, అది రాసినా. రేపు చీర తిరిగిచ్చేటప్పుడు మేమే చెడగొట్టినామని అనకుండా.”

“మీరు చెడగొట్టేదేంది? అది నేను చేసిందే.” ఆమె కొంచెం ముందుకు జరిగింది. “ఆయప్ప చెయ్యి ఇరగ్గొట్టుకోని మూణ్ణెల్లు కూచున్నాడు. సావుకారికి చీర ఇయ్యాల. నేనే దిగినా మగ్గం గుంతలోకి. దినేష్ కడుపులో ఉండాడు, ఎనిమిదో నెల. ఆడికొచ్చేటప్పటికి పోగులు బిగించే పలక గట్టిగా కొట్టే బలం ల్యాకపాయ. నాలుగు దినాలు అట్లనే నేసినా. సావుకారి అది చూసి చీర ఎనక్కి పంపిచ్చె. ఇంగ పెట్టెలో పెట్టేస్తిమి.”

జమాలుద్దీన్ తల ఊపుతూనే తర్వాతి గడి నింపాడు. ఆమె గొంతు తగ్గించింది.

“పోయిన్నెల వచ్చినప్పుడు నిన్నొక మాటడిగినా. చీర కాడ పెట్టే చీటీలో నా పేరు రాస్తావా అని.”

అడిగింది. నిజమే. అప్పుడు అతను చెప్పులు తొడుక్కుంటూ, బస్సుకు టైమవుతోందని వీధి వైపు చూస్తూ, “చూద్దాంలే అక్కా” అన్నాడు. ఆ తర్వాత గుర్తు లేదు. దినేష్ నింపిన కాగితంలో నేసినవారు అన్నచోట ఈరప్ప పేరుంది. మగ్గం ఆయనది, సంఘం కార్డు ఆయనది. అదే అచ్చుకు వెళ్ళింది.

“చీటీలు ప్రింటయిపోయినాయక్కా. రేపే ఓపెనింగు. ఈసారికి పోనీండి. మళ్ళీ ఎప్పుడన్నా పెట్టినప్పుడు చూద్దాం.”

“సరేలేప్పా. ఎవురి పేరైతే ఏముండాది, ఇంట్లోదే కదా.” ఆమె మల్లుగుడ్డ మూల ముడతను అరచేత్తో సాపు చేసింది.

ఆమె ఆ మాట అన్నాక జమాలుద్దీన్‌కు ఏదోలా అనిపించింది. “రేపు పదింటికి మీరూ రాండి. దినేష్ పిల్చుకొస్తాడు.”

“వస్తా. నిండుగా ఏలాడదీస్తారు కదా, చూడాల. నేసేటప్పుడు నాకు కనపడింది జానెడే. నేసింది నేసినట్ల దోనెకు చుట్టుకుపోతాది. చీరంతా ఒక్కతూరి విప్పి నేను చూసిందే ల్యా.”

చీరను మడవకుండా అట్టగొట్టానికి చుట్టి, పైన గుడ్డ కట్టి, జమాలుద్దీన్ ధర్మవరం బస్సెక్కాడు. గొట్టాన్ని నిలువుగా పట్టుకుని కూర్చున్నాడు. కండక్టర్ లగేజీ పైన పెట్టమంటే, “చీరప్పా, దీన్ని వదలకూడదు” అన్నాడు.

హిందూపురంలో వాళ్ళ నాయన లారీల మీద, అంగళ్ళ షట్టర్ల మీద అక్షరాలు రాసేవాడు. జమాలుద్దీనూ ఆ కుంచెతోనే పెరిగాడు. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట, ధర్మవరంలో ఈ చిన్న నేతల మ్యూజియం మొదటి ప్రదర్శన పెట్టినప్పుడు చీటీలు రాయడానికి రోజుకూలీగా వచ్చాడు. మూడు రోజుల పనికి వచ్చినవాడు ఉండిపోయాడు. కంప్యూటర్ వచ్చి అతని అక్షరాలతో పని లేకుండా చేసింది కానీ, అతనితో పని పోలేదు. ఎవరింట్లో ఏ చీర ఉందో కనుక్కోవడం, బతిమాలి తేవడం, ఏది ఏ గోడకో చూడడం, ఎత్తు కొలవడం, లైట్లు సర్దడం, అన్నీ అయ్యాక ఎవరిది వాళ్ళకు భద్రంగా చేర్చడం. ప్రారంభోత్సవం ఫోటోల్లో అతను ఎక్కడా ఉండడు. ఆ సమయానికి ఏ మూలో ఆరిపోయిన లైటు దగ్గర నిచ్చెన మీద ఉంటాడు. భార్య జైతున్‌బీ కూడా ఏనాడూ రాలేదు. తీసుకుపొమ్మని ఆమె అడిగినప్పుడల్లా తీరికైనప్పుడు చూద్దామన్నాడు. కొన్నాళ్ళకు ఆమె అడగడం మానేసింది.

మధ్యాహ్నానికి ఇరవై రెండు చీరలు గోడలెక్కాయి. ఇరవై మూడోది ఇదే. పై అంచుకు వెనక గుడ్డపట్టీ కుట్టించి, అందులోకి చెక్క బద్ద దూర్చి, ఇద్దరి సాయంతో పైకెత్తాడు. నిచ్చెన దిగి పది అడుగులు వెనక్కి వెళ్ళాడు. ఎడమవైపు అర అంగుళం దించమన్నాడు. తర్వాత లైటు. నేత తేలేలా పక్కనుంచి పడాలి. రంగు వెలిసిపోకుండా సన్నగానూ ఉండాలి. లైటును కొంచెం వెనక్కి తిప్పాడు.

చీరంతా వంకాయ రంగులో నిండుగా, బిగువుగా నిలిచింది. కొంగు మొదట్లో ఆ నాలుగు వేళ్ళ మేర మాత్రం వెలుతురు గుడ్డను దాటి వెనక గోడ మీద పడింది.

జమాలుద్దీన్ అలాగే నిలబడిపోయాడు. గుంతలో కాళ్ళు, దోనెకు ఆనుతున్న కడుపు, లేవని చెయ్యి. ఆ చెయ్యి అంతకుముందు అయిదు గజాలు ఎంత బిగువుగా నేసిందో, ఆ నాలుగు రోజుల తర్వాత మిగతా కొంగును మళ్ళీ ఎంత బిగువుగా నేసిందో ఇప్పుడు కనిపించింది. పక్కనే అచ్చు చీటీ. నేసినవారు: కీ.శే. ఈరప్ప. ఇలాంటివి తన చేతి మీదుగా కొన్ని వందలు పోయాయి. ‘నిజంగా ఎవరు నేశారు?’ అని ఒక్క ఇంట్లోనూ అడగలేదు. ఒక్క మనిషి తనంతట తాను చెబితే, అదీ రెండుసార్లు చెబితే, చూద్దామన్నాడు.

క్యూరేటర్ మమత దగ్గరికి వెళ్ళి చెప్పాడు. ఆమె చీరను, చీటీని చూసింది.

“ఫారంలో ఉన్నదే వేసినాం కదన్నా. దినేష్ ఒప్పుకుంటే మార్చేద్దాం. ఫోన్ చెయ్యి.”

మూడున్నరకు ఫోన్ చేశాడు. చాలాసేపు మోగాక దినేష్ ఎత్తాడు. వెనక ఎవరో ఏడుస్తున్నారు.

“సార్, అమ్మ పోయింది సార్.”

“ఎవురూ?”

“అమ్మ. మధ్యాన్నం ఇంత తిని పనుకునింది. మా యమున కాపీ కలిపి లేపితే లేయల్యా.”

జమాలుద్దీన్ పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. దినేషే మళ్ళీ అన్నాడు: “చీర గురించా సార్? తీసేయద్దండి. రేపు పెట్టండి.”

“పెడతామప్పా. ఆ చీర... మీ యమ్మ నేసిందంట. అట్లనే రాసేదా?”



“నాకు తెల్సు సార్. ఫారంలో గడి ఒకటే ఉన్నింది. నాయన పేరు రాసేస్తి. అమ్మేమీ అనల్యా.” “రాయండి సార్.”

ప్రింటింగ్ వాడు రేపటికి గానీ ఇవ్వలేనన్నాడు. జమాలుద్దీన్ అట్టముక్క కోసి, ఎన్నేళ్ళనుంచో బీరువాలో పడి ఉన్న కుంచె కడిగాడు. మొదటి రెండు అట్టలు అలవాటు తప్పి పాడయ్యాయి. మూడోదాని మీద అక్షరాలు నిలిచాయి. నేసినవారు: నీలావతి. తర్వాత పొద్దున రాసిన ఫారం తీసి ‘నేత లోపం’ అన్నది రబ్బరుతో చెరిపాడు. ‘నాలుగు వేళ్ళ మేర వదులు నేత. అప్పుడు ఆమెకు ఎనిమిదో నెల’ అని రాశాడు. నెల కిందట ఒక్క ఫోనుతో అయిపోయే పని. ఆమె చదివించుకుని విని ఉండేది.

సాయంత్రం హిందూపురం పోయే రైల్లో పెనుకొండలో దిగాడు. పొద్దున తాను మల్లుగుడ్డ పరిచిన నడవలోనే ఆమెను పడుకోబెట్టారు. చేతులు కట్టుకుని కొంతసేపు నిలబడ్డాడు. దినేష్ భుజం మీద చెయ్యి వేశాడు. ‘రాసినానప్పా’ అని చెబుదామనుకున్నాడు. ఆ మాట ఎవరికి చెప్పాలో, ఆ మనిషే వినేలా లేదు.

కోడలు యమున లోపలికి పిలిచి మంచినీళ్ళ గ్లాసు ఇచ్చింది. అతను తాగుతూ గది మూలకు చూస్తే, ఆమే అటు తిరిగి చెప్పింది.

“రేపటికని మీరు పోతానే నాతో ఇస్త్రీ చేయించుకునింది సార్.”

ప్లాస్టిక్ కుర్చీలో ఆకుపచ్చ నూలు చీర మడత నలగకుండా ఉంది. దాని మీద జాకెట్టు, జాకెట్టు మీద రెండు పిన్నీసులు.